క్రెడిట్ కార్డు ఇచ్చే బీమా: ఎవరికి, ఎన్ని గంటలకి?



ఖరీదైన క్రెడిట్ కార్డు తీసుకోమని బ్యాంకువాళ్లు ఫోన్ చేస్తే మూడు సంగతులు చెప్తారు. ఎయిర్‌పోర్టులో లాంజ్ ఉచితం, పాయింట్లు ఎక్కువ, ఆపైన బీమా. లాంజ్ సంగతి ఇప్పుడు ఎవరికీ చెప్పక్కర్లేదు, శంషాబాద్‌లో లాంజ్ ముందు క్యూ చూస్తే తెలుస్తుంది. పాయింట్ల లెక్కలు చెప్పడానికి ప్రతి ఇంట్లోనూ ఒక మేనల్లుడు ఉండనే ఉంటాడు. బీమా దగ్గరికొచ్చేసరికి మాత్రం కోట్లలో ఒక అంకె చెప్పి ఫోన్ పెట్టేస్తారు. ఆ అంకె విని మనమూ సంతోషించి ఊరుకుంటాం. ఆ బీమాలో ఏముందో, ఏ కార్డులో ఎంతుందో ఈ పూట కాస్త తీరిగ్గా చూద్దాం.

ఈ ప్రసంగం వినేవాళ్లలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి, రెండేళ్లకోసారి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చేవాళ్లున్నారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి, ఆ అమ్మానాన్నలకి టికెట్లు కొనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి పర్సుల్లోనూ కార్డులున్నాయి. అయితే మన దేశపు కార్డు ఇచ్చే బీమాకీ, అమెరికా కార్డు ఇచ్చే బీమాకీ పోలిక చాలా తక్కువ. ఒకదానిలో అంకె పెద్దది, అది అక్కరకొచ్చే రోజు అరుదు. రెండోదానిలో అంకెలు చిన్నవి, కానీ అవి మామూలు మనిషికి మామూలు ప్రయాణంలో పనికొస్తాయి. నన్నడిగితే కార్డు బీమాను మొత్తంతో కొలవకూడదు. ఎన్ని గంటల తర్వాత ఇస్తారు, ఎవరెవరికి ఇస్తారు, ఏ కాగితం అడుగుతారు, ఇవే అసలు కొలతలు.

ముందు మన దేశం సంగతి. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు ఇన్ఫినియా కార్డునే తీసుకోండి. ఏడాదికి 12,500 రూపాయల ఫీజు, దాని మీద జీఎస్టీ. విమాన ప్రమాదంలో కార్డుదారు చనిపోతే 3 కోట్లు ఇస్తారు. విదేశంలో అత్యవసరంగా ఆస్పత్రిలో చేరాల్సి వస్తే 50 లక్షల దాకా భరిస్తారు. రెండోది నిజంగా విలువైనది. మొదటిదాంట్లో ఒక చిక్కుంది. ఆ డబ్బు అడగాల్సిన మనిషి అప్పటికి ఉండడు. అడగాల్సింది ఇంట్లోవాళ్లు. ఆ కార్డు మీద అలాంటి బీమా ఒకటుందని వాళ్లకి తెలియాలి కదా! 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలినప్పుడు ఎయిర్‌లైన్స్ ఇచ్చే పరిహారం గురించి దేశమంతా మాట్లాడుకుంది. చనిపోయినవాళ్ల పర్సుల్లో ఏ కార్డులున్నాయో, వాటి మీద ఏ బీమా ఉందో మాట్లాడుకున్నవాళ్లు తక్కువ.

రిజర్వ్ బ్యాంకు ఈ విషయంలో ఒక మంచి పని చేసింది. కార్డుతో పాటు బీమా ఇచ్చే బ్యాంకు, ఖాతాదారు దగ్గర స్పష్టమైన సమ్మతి తీసుకోవాలి, నామినీ వివరాలూ తీసుకోవాలి అని 2022లో ఇచ్చిన ఆదేశాల్లో రాసింది. మీ కార్డుకి నామినీ ఎవరో మీకు గుర్తులేకపోతే, ఈ ప్రసంగం అయ్యాక బ్యాంకుకి ఒక ఫోన్ కొట్టండి. టికెట్ డబ్బు ఆ కార్డు మీదే కట్టి ఉండాలా, ఈ మధ్య కార్డు వాడి ఉండాలన్న షరతు ఏమైనా ఉందా, అవీ అప్పుడే అడగండి. ఒక్కో బ్యాంకుది ఒక్కో మెలిక.

యూరప్ వెళ్లేవాళ్లకి ఇంకొక్క మాట. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. అక్కడున్నన్ని రోజులకీ, ఆ దేశాలన్నిటిలోనూ అది చెల్లాలి. అత్యవసర వైద్యంతో పాటు స్వదేశానికి తీసుకొచ్చే ఖర్చు కూడా అందులో ఉండాలి. ప్రయాణికుడి పేరు, తేదీలు, మొత్తం అచ్చులో ఉన్న కాగితం చూపించాలి. కార్డు బ్రోచర్ పట్టుకెళ్తే వీసా కేంద్రంలో కుదరదు. అక్కడ వేరే పాలసీ కొనుక్కోవాల్సిందే.

ఇక అమెరికా కార్డులు. ప్రయాణాలకి పెట్టింది పేరని జనం చెప్పుకునేవి నాలుగు తీసుకుంటాను. చేజ్ సఫైర్ రిజర్వ్, ఏడాదికి 795 డాలర్లు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ప్లాటినం, 895 డాలర్లు. ఈ రెండూ 2025లోనే పెరిగిన ధరలు. క్యాపిటల్ వన్ వెంచర్ ఎక్స్, 395. నాలుగోది చేజ్ సఫైర్ ప్రిఫర్డ్, 95 డాలర్లే. ఇది ఈ గుంపులో బీదది. అయినా దీన్ని ఎందుకు తెచ్చానో ముందుముందు తెలుస్తుంది.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. కార్డు ఒకరిది, బీమా మరొకరిది. విమానం ఆలస్యమైందనో, బ్యాగు పోయిందనో క్లెయిమ్ పెడితే చూసేది బ్యాంకు కాదు, బ్యాంకు ఒప్పందం చేసుకున్న బీమా కంపెనీ. కార్డు వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేసి కోప్పడితే, వాళ్లు మర్యాదగా ఇంకో నంబరు ఇస్తారు. నియమాలన్నీ కార్డుతో వచ్చే గైడులో ఉంటాయి. చిన్న అక్షరాలు, బోలెడు పేజీలు. ఇవి మారుతూ కూడా ఉంటాయి. సిటీ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో తన కార్డుల మీద ప్రయాణ రక్షణలు చాలావరకు ఒక్కసారిగా ఎత్తేసింది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 2020 జనవరి 1 నుంచి విమానం ఆలస్యానికి, ప్రయాణం రద్దుకి కొత్తగా చేర్చింది. అంచేత నేనిప్పుడు చెప్పే అంకెల్ని మీ కార్డు గైడుతో సరిచూసుకోండి.

ముందు విమానం ఆలస్యం. సఫైర్ రిజర్వ్‌లో విమానం 6 గంటలు మించి ఆలస్యమైనా, రాత్రి ఎక్కడో ఉండిపోవాల్సి వచ్చినా, హోటలుకీ తిండికీ టూత్‌పేస్టుకీ అయిన ఖర్చు టికెట్టుకి 500 డాలర్ల దాకా ఇస్తారు. వెంచర్ ఎక్స్‌లోనూ దాదాపు ఇంతే. ప్లాటినంలోనూ 6 గంటలే, 500 డాలర్లే. అక్కడే చదివేవాళ్లు బోల్తాపడతారు. చేజ్‌లో ఆ 500 ఒక్కో టికెట్టుకి. ప్లాటినంలో ప్రయాణం మొత్తానికి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు డెన్వర్‌లో మంచు తుఫానులో చిక్కుకుంటే ఒక కార్డు మీద 2,000 డాలర్ల దాకా అడగొచ్చు, రెండోదాని మీద 500 దగ్గర ఆగిపోవాలి. పైగా ప్లాటినంలో 12 నెలల్లో రెండు క్లెయిములే. రానూపోనూ ప్రయాణం మొత్తం ఆ కార్డు మీదే కొనుండాలన్న షరతు కూడా ఉంది. వెళ్లేటప్పుడు ఒక కార్డు, వచ్చేటప్పుడు ఇంకో కార్డు వాడే అలవాటున్నవాళ్లకి ఇది దెబ్బ.

చేజ్ ఈ విషయంలో ఉదారంగా ఉంటుంది. టికెట్ డబ్బులో కొంత భాగం కార్డు మీద కట్టినా చాలు. పాయింట్లతో కొన్న టికెట్టుకి అమెరికాలో 5 డాలర్ల 60 సెంట్ల సెక్యూరిటీ ఫీజు కట్టాలి కదా, ఆ ఫీజు ఈ కార్డు మీద కట్టి బీమా సంపాదించుకునేవాళ్లున్నారు. తెలివైనవాళ్లు!

95 డాలర్ల ప్రిఫర్డ్ కార్డులో మొత్తం అదే 500, గంటలు మాత్రం 12. మరి ఆరుకీ పన్నెండుకీ తేడాకి ఏడాదికి 700 డాలర్లు ఎక్కువ కట్టాలా? ఇక్కడ మన ప్రయాణాల తీరు చూడాలి. డాలస్ నుంచి షికాగో వెళ్లే విమానం మధ్యాహ్నం రెండింటికి ఎగరాల్సింది రాత్రి తొమ్మిదింటికి ఎగిరిందనుకోండి. అది ఏడు గంటల ఆలస్యం, 6 గంటల కార్డు ఉంటే పనికొస్తుంది. హైదరాబాద్ ప్రయాణం అలా కాదు. దోహాలోనో దుబాయ్‌లోనో కనెక్షన్ తప్పిపోతే, మళ్లీ విమానం పన్నెండు గంటలకో మర్నాటికో గాని దొరకదు. అప్పుడు 12 గంటల షరతు తనంతట తనే తీరిపోతుంది, రాత్రి ఉండిపోవడమూ జరుగుతుంది. అంటే ఇండియాకి మాత్రమే దూర ప్రయాణం చేసే కుటుంబానికి చవక కార్డుకీ ఖరీదు కార్డుకీ ఈ ఒక్క విషయంలో తేడా దాదాపు లేదు. నెలనెలా ఆఫీసు పని మీద అమెరికాలో ఊళ్లు తిరిగే మనిషి లెక్క వేరు.

ఇంకో మాట. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండి, ఎయిర్‌లైన్స్ వల్లే కనెక్షన్ తప్పితే, హోటలూ తిండీ చాలాసార్లు వాళ్లే చూస్తారు. ముందు వాళ్లని అడగండి. ఇలాంటి ఆలస్యాల్లో కార్డు బీమా చివర్లోనే వస్తుంది, వాళ్లు ఇవ్వని భాగమే ఇస్తుంది.

బ్యాగుల సంగతికి వద్దాం. చేజ్ కార్డులు రెండింటిలోనూ చెకిన్ చేసిన బ్యాగు 6 గంటలు మించి ఆలస్యమైతే రోజుకి 100 డాలర్లు, ఐదు రోజుల దాకా ఇస్తారు, కట్టుబట్టలూ అవసరమైన సామాన్లూ కొనుక్కోవడానికి. ప్లాటినంలో బ్యాగు ఆలస్యానికి ఏమీ లేదు. పోతే మాత్రం ఇస్తారు. 895 డాలర్ల కార్డులో లేనిది 95 డాలర్ల కార్డులో ఉందన్నమాట! పేరు చూసి కార్డు తీసుకునేవాళ్లు ఈ వరస ఒకసారి చదవాలి.

కార్డు ఏదైనా, బ్యాగు రాలేదని తెలిసిన వెంటనే బెల్ట్ దగ్గరే ఉన్న కౌంటర్‌కి వెళ్లి పీఐఆర్ రాయించుకోండి. ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు అంటారు దాన్ని. ఇంటికెళ్లి ఫోన్ చేద్దాంలే అనుకుంటే తర్వాత ప్రతి అడుగులోనూ ఆ కాగితం అడుగుతారు. ఎయిర్‌లైన్స్ బాధ్యత వేరే ఉంది. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ ప్రయాణంలో బ్యాగు పోయినా, పాడైనా, ఆలస్యమైనా ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌ల దాకా ఎయిర్‌లైన్స్ బాధ్యత వహించాలి. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క, ఆ మొత్తం సుమారు 2,000 డాలర్లు అవుతుంది. 2024 డిసెంబర్ 28 నుంచి అమల్లో ఉన్న హద్దు ఇది. బ్యాగు పాడైతే 7 రోజుల్లో, ఆలస్యమైతే అది చేతికందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. ఆవకాయ సీసా పగిలి పట్టుచీరలన్నీ నూనెలో మునిగిన సందర్భంలో ఎయిర్‌లైన్స్ ఏమంటుందో మీరు ఊహించగలరు. ప్యాకింగ్ మీదేగా అంటుంది!

ఇప్పుడు అమ్మానాన్నల టికెట్. ఇది మనవాళ్లలో ఎక్కువమందికి పట్టే విషయం. కొడుకు తన సఫైర్ రిజర్వ్ మీద శంషాబాద్ నుంచి డాలస్‌కి ఇద్దరికీ టికెట్లు కొన్నాడు. కార్డు మీద కొన్నాను కాబట్టి వాళ్లకి బీమా ఉందనుకుంటాడు. సగం నిజం. ప్రయాణం రద్దుకి సంబంధించిన భాగంలో దగ్గరి కుటుంబసభ్యులందరూ వస్తారు, తల్లిదండ్రులూ వస్తారు, కొడుకు వాళ్లతో ప్రయాణం చెయ్యకపోయినా సరే. మనిషికి 10,000 డాలర్ల దాకా, ప్రయాణానికి 20,000 దాకా. కానీ విమానం ఆలస్యం అనే భాగంలో కార్డుదారు, భార్య లేదా భర్త, 22 ఏళ్లలోపు ఆధారపడిన పిల్లలు, అంతే. అమ్మానాన్నలు లేరు. ఒకే కార్డు, ఒకే గైడు. ఒక పేజీలో అమ్మ కుటుంబం, ఇంకో పేజీలో కాదు.

రద్దుకి డబ్బిచ్చే కారణాలు కూడా లెక్కగా రాసుంటాయి. జబ్బు చేయడం, గాయపడటం, ఇంట్లో మరణం, ప్రయాణం సాగనివ్వని వాతావరణం, కోర్టు పిలుపు, అలాంటివి. ముందునుంచీ ఉన్న జబ్బు వల్ల రద్దయితే సాధారణంగా ఇవ్వరు. నాన్నగారికి ఏళ్లుగా గుండె జబ్బుండి, ప్రయాణానికి వారం ముందు స్టెంట్ వేయాల్సి వస్తే పేచీ మొదలయ్యేది అక్కడే. మనసు మార్చుకున్నా రాదు. మనవాళ్లు అడిగే ప్రశ్న ఇంకోటుంది. హెచ్-1బి వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వచ్చాను, నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా ప్రస్తుతానికి ఆపుతున్నామంటూ 221(జి) కాగితం చేతిలో పెట్టారు, పాస్‌పోర్టు నెలలోపు వచ్చేలా లేదు, తిరుగు టికెట్ వృథా అయింది, కార్డు బీమా ఇస్తుందా? ఇవ్వదు. వీసా ఆలస్యం ఆ కారణాల జాబితాలో లేదు. స్టాంపింగ్‌కి వెళ్లేవాళ్లు తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొనుక్కోవడం తప్ప దీనికి మందు లేదు. అందుకు అదనంగా పెట్టే డబ్బే వాళ్లకి బీమా.

వైద్యం సంగతి. సఫైర్ రిజర్వ్‌లో ప్రయాణంలో అత్యవసర వైద్యానికి ఇచ్చేది 2,500 డాలర్లు. అమెరికాలో ఎమర్జెన్సీ రూమ్ గడప తొక్కినవాళ్లకి ఆ మొత్తం ఎంతసేపు నిలుస్తుందో తెలుసు. ఆరు నెలలుండే తల్లిదండ్రులకి విజిటర్ ఇన్సూరెన్స్ విడిగా కొనండి. ఈ కార్డు రక్షణలు వారం, పది రోజుల ప్రయాణాలని దృష్టిలో పెట్టుకుని రాసినవి. నెలల తరబడి ఉండేవాళ్లకోసం రాసినవి కావు.

అద్దెకారు గురించి రెండు ముక్కలు. చేజ్ కార్డులు రెండింటిలోనూ అద్దెకారు దెబ్బతింటే మీ సొంత కారు బీమా జోలికి పోకుండా కార్డు బీమాయే ముందు ఇస్తుంది. ప్లాటినంలో మామూలుగా మీ బీమా తర్వాతే. అద్దె కంపెనీ కౌంటర్‌లో అమ్మజూపే డ్యామేజ్ కవరేజీని వద్దనాలి, కారు కార్డుదారు పేరు మీదే తీసుకోవాలి. ఇది మీరు తీసుకున్న కారుకి తగిలిన దెబ్బకి మాత్రమే. ఎదుటి కారుకీ, అందులో ఉన్న మనుషులకీ కాదు. ఇండియా నుంచి వెళ్లి అక్కడ కారు బీమా ఏదీ లేకుండా కార్డును నమ్ముకుని నడిపేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

కొన్న వస్తువులకిచ్చే రక్షణ దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఎక్కువమంది వదిలేసుకునే డబ్బు ఇక్కడుంది. విమానం ఆలస్యమైతే కార్డు బీమా గుర్తొస్తుంది. ఫోన్ అద్దం పగిలితే గుర్తురాదు.

కొన్న కొత్తలో వస్తువు దెబ్బతిన్నా, ఎవరైనా ఎత్తుకుపోయినా డబ్బిస్తామంటుంది ఈ రక్షణ. చేజ్‌లో కొన్న రోజు నుంచి 120 రోజులు. ప్లాటినంలో 90. రిజర్వ్‌లోనూ ప్లాటినంలోనూ ఒక్కో సందర్భానికి 10,000 డాలర్ల దాకా. ప్రిఫర్డ్‌లో 500 డాలర్లే. వెయ్యి డాలర్లు దాటిన ఫోన్ ప్రిఫర్డ్ మీద కొంటే సగం కూడా రాదన్నమాట. ఇక్కడ చవక కార్డు చవకగానే కనిపిస్తుంది. ప్లాటినంలో ఇంకో సుగుణం ఉంది. దొంగతనం, దెబ్బతినడంతో పాటు వస్తువు ఎక్కడో పోగొట్టుకున్నా ఇస్తారు. చేజ్‌లో ఎవరో దొంగిలించారని తేలాలి. ఎక్కడో మర్చిపోయానంటే లాభం లేదు. చెవికమ్మలు వాష్‌రూమ్‌లో మర్చిపోయే అలవాటున్న ఇంట్లో ఏ కార్డు వాడాలో వేరే చెప్పక్కర్లేదు.

ఒక సన్నివేశం చూద్దాం. ఆదివారం పొద్దున్న, భోజనాల బల్ల మీద రెండు నెలల కిందట కొన్న ల్యాప్‌టాప్. పక్కనే టీ కప్పు. మూడేళ్ల పిల్లాడు. తర్వాత జరిగింది మీకు తెలుసు. కంపెనీ వారంటీ ద్రవం పడితే పనికిరాదు. చాలామంది తిట్టుకుంటూ రిపేరుకి డబ్బు కట్టేస్తారు. కార్డు మీద కొనుంటే చెయ్యాల్సిన పని వేరు. తడిసిన ల్యాప్‌టాప్‌కి ఫోటో తియ్యండి. షాపు బిల్లూ, ఆ డబ్బు కార్డు మీద పడినట్టు స్టేట్‌మెంటూ తీసి పెట్టండి. రిపేరు షాపులో ఎంతవుతుందో, లేదా బాగుచెయ్యడం కుదరదనో రాయించుకోండి. ఇంటి బీమాగాని, అద్దె ఇంటి బీమాగాని ఉంటే అది ఇస్తుందా లేదా అని అడుగుతారు, దాని కాగితం కూడా పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ పాడైన ల్యాప్‌టాప్‌ని పారేయకండి. మాకు పంపండి అని బీమావాళ్లు అడగొచ్చు. వస్తువు లేకపోతే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది.

దొంగతనమైతే పోలీసు రిపోర్టు కావాలి, సాధారణంగా 48 గంటల్లోపు ఇచ్చినది. పార్కు బెంచీ మీద వదిలేసి వెళ్లిన కెమెరా పోతే అది దొంగతనం కింద లెక్కకు రాదు, మీ అజాగ్రత్త కింద లెక్క. నగలు చెకిన్ బ్యాగులో పెట్టి పోగొట్టుకుంటే ఇవ్వరు, చేతి సంచిలోనో ఒంటి మీదో ఉండాలి. పాత వస్తువులు, మొక్కలు, తినే సరుకులు, మోటారు వాహనాలు, ఇవేవీ రావు.

బంగారం సంగతి మీరు అడగకపోయినా చెప్తాను. కాస్ట్‌కోలో 2023 నుంచి బంగారు బిస్కెట్లు అమ్ముతున్నారు, మనవాళ్లు పప్పూ బియ్యంతో పాటు అవీ కార్టులో వేసుకుంటున్నారు. అమెరికాలో కాస్ట్‌కో షాపుల్లో క్రెడిట్ కార్డుల్లో వీసానే చెల్లుతుంది కాబట్టి ప్లాటినం ఎలాగూ పనికిరాదు. వీసా కార్డు మీద కొన్నా, ఇలాంటి పథకాల్లో బిస్కెట్లు, నాణేలు సాధారణంగా నగదు కింద లెక్క. బీరువాలోంచి పోతే కార్డువాళ్లకి ఫోన్ చేసి లాభం లేదు.

బహుమతిగా ఇచ్చిన వస్తువులకి మాత్రం చేజ్‌లో రక్షణ ఉంటుంది. తమ్ముడికని కొని విజయవాడ తెచ్చిన ట్యాబ్లెట్ వారంలో కింద పడి పగిలితే, కార్డుదారు క్లెయిమ్ పెట్టొచ్చు. బిల్లు జాగ్రత్తగా పెట్టుకోవాలంతే. వారంటీ పొడిగింపు దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. కంపెనీ వారంటీ 3 ఏళ్లు లేదా తక్కువుంటే చేజ్ ఇంకో ఏడాది కలుపుతుంది. ప్లాటినం 5 ఏళ్ల దాకా ఉన్న వారంటీలకి ఇంకో ఏడాది దాకా కలుపుతుంది. చేజ్‌లో ఆ అసలు వారంటీ అమెరికాలో చెల్లేది అయుండాలి. సెలవుల్లో హైదరాబాద్‌లో కార్డు గీకి, ఇక్కడి వారంటీతో కొన్న టీవీకి అక్కడి పొడిగింపు రాదు.

కొన్న వస్తువుని షాపువాళ్లు వెనక్కి తీసుకోం అంటే కార్డు డబ్బిచ్చే రక్షణ ఒకటుంది. 90 రోజుల్లోపు, రిజర్వ్‌లో వస్తువుకి 500 డాలర్ల దాకా, ప్లాటినంలో 300 దాకా, రెండింట్లోనూ ఏడాదికి 1,000. వాడని వస్తువే అయుండాలి. అమెరికా షాపులు వాటంతట అవే వెనక్కి తీసుకుంటాయి కాబట్టి దీని అవసరం పెద్దగా రాదు. ప్లాటినంలో, వెంచర్ ఎక్స్‌లో ఫోన్‌కి వేరే రక్షణ ఉంది, 800 డాలర్ల దాకా, నెల బిల్లు ఆ కార్డు మీద కడుతుంటే. ఇది మాత్రం నిజంగా వాడుకోదగ్గది. కొత్త ఫోన్ కానక్కర్లేదు.

వీటితో కలిపి చూసేస్తారు గాని, ఇంకో రెండు విషయాలు బీమా కానే కావు. ఆర్డరు చేసిన వస్తువు రాలేదు, లేదా ఇంకేదో పంపారు. అది వస్తు రక్షణ కిందికి రాదు. బ్యాంకుకి డిస్ప్యూట్ పెట్టాలి. అమెరికాలో 1974 నాటి చట్టం ఆ హక్కు ఇస్తుంది, స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు రాయాలి. రెండోది, కార్డు దొంగిలించి వేరేవాళ్లు వాడితే బాధ్యత. బ్రోచర్లలో దీన్ని పెద్ద వరంలా రాస్తారు. అమెరికాలో చట్టప్రకారమే మీ బాధ్యత 50 డాలర్లు మించదు. మన దేశంలో రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక బయటివాళ్లదైతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెప్తే మీ బాధ్యత సున్నా. ఏడాది ఫీజు లేని కార్డుకీ ఇదే హక్కు. చట్టం ఇచ్చినదాన్ని బ్యాంకు ఇచ్చినట్టు చెప్పుకోవడం వ్యాపారం, దానికి ఫీజు కట్టడం మన అమాయకత్వం.

మరి ఏ కార్డు తీసుకోవాలి? లాంజులూ హోటళ్లూ పక్కనపెట్టి బీమా ఒక్కటే చూస్తే, 800, 900 డాలర్ల కార్డు మామూలు కుటుంబానికి గిట్టదు. రెండేళ్లకోసారి ఇండియా వెళ్లే ఇంటికి 95 డాలర్ల కార్డు మీద టికెట్లు కొని, మిగిలిన డబ్బులో కొంత పెట్టి ఆ ఒక్క ప్రయాణానికి సొంత పాలసీ కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. ముందునుంచీ ఉన్న జబ్బులకి కొంత వర్తించే పాలసీలు దొరుకుతాయి, కార్డుల్లో దొరకవు. ఖరీదు కార్డులు ఇప్పటికే ఇంట్లో ఉంటే వాటిని పంచుకు వాడండి. విమానం టికెట్లు, అద్దెకారు చేజ్ మీద. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, చెవికమ్మలు ప్లాటినం మీద. భార్యాభర్తలిద్దరూ ఎవరి పాయింట్లు వాళ్లు పోగేసుకుంటూ పోటీపడే ఇళ్లలో ఇది కాస్త కష్టమే అనుకోండి.

క్లెయిమ్ పెట్టడానికి గడువులుంటాయి. విమానం ఆలస్యమైతే సాధారణంగా 60 రోజుల్లోపు బీమావాళ్లకి తెలియజేయాలి. టికెట్టూ, కార్డు స్టేట్‌మెంటూ, హోటల్ బిల్లూ, ఏమేం తిన్నారో విడివిడిగా రాసిన భోజనం బిల్లూ కావాలి. కార్డు గీకిన చిన్న చీటీ ఒక్కటే చాలదు. విమానం ఎందుకు ఎంతసేపు ఆలస్యమైందో ఎయిర్‌లైన్స్ రాసిచ్చిన కాగితం కూడా కావాలి. గేటు దగ్గర అడిగితే అక్కడున్న అమ్మాయి విసుక్కుంటుంది, ఆమె తప్పేం కాదు, ముందు మూడొందల మంది ఉన్నారు. చాలా ఎయిర్‌లైన్స్ వెబ్‌సైట్‌లోనే ఆ కాగితం ఇస్తున్నాయి, ఇంటికెళ్లాక తీసుకోవచ్చు. బిల్లులన్నీ అక్కడికక్కడే ఫోన్‌లో ఫోటో తీసిపెట్టుకోండి. ఎయిర్‌పోర్టుల్లో ఇచ్చే ఆ పల్చటి కాగితం మీద అక్షరాలు, మీరు ఇల్లు చేరి సామాను సర్దుకునేసరికి చెరిగిపోతుంటాయి.